ఈజీ గేమ్‌లో ఇరుక్కుపోయిన రాయగడ చెల్లెమ్మకి

ప్రశ్న: అన్నయ్యా, మాది రాయగడ. మా బావగారు అమెరికా నుంచి వచ్చినప్పుడు వాళ్ళబ్బాయి చిన్నప్పుడు ఆడుకున్న సూపర్ నింటెండో అనే వీడియో గేమ్ మెషీన్ తెచ్చి మావాడికి ఇచ్చారు. దాంతో ఉన్నది ఒకే ఒక్క కేసెట్, ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్. మావాడికి 11 ఏళ్ళు. రెండు రోజులాడి "ఏటమ్మా ఇది, ఒకడు కొట్టేదాకా ఇంకొకడు నిలబడి చూస్తాడు, బోరు" అని మళ్ళీ ఫోన్ పట్టుకున్నాడు. తెచ్చిన వస్తువు మూలన పడిపోతుందని నేను మధ్యాహ్నాలు మొదలెట్టాను, ఇప్పుడు నేనే మానలేకపోతున్నాను. బోన్ డంజన్ అనే చోట చివర్న ఉన్న పెద్ద జంతువు దగ్గర నాలుగు రోజులై ఓడిపోతూనే ఉన్నాను. నెట్‌లో చూస్తే ఇది మరీ చిన్నపిల్లల గేమ్ అని అందరూ వెక్కిరిస్తున్నారు. చిన్నపిల్లల గేమే దాటలేకపోతున్నానా అని సిగ్గేస్తోంది. వేరే కేసెట్ కొనమంటారా? మావాడిని మళ్ళీ ఎలా కూర్చోబెట్టాలి? ఇంకోటి, బావగారు బరువైన కరెంటు డబ్బా ఒకటి కూడా ఇచ్చారు, అది లేకుండా తిన్నగా ప్లగ్గులో పెట్టొచ్చా, మిక్సీకి సాకెట్ చాలట్లేదు. మా అత్తగారైతే పిల్లాడి తల్లివి నీకు వీడియో గేమేటి అంటున్నారు. మావాడికి తెలుగు చదవడం రాదు, మీ జవాబు నేనే చదివి వినిపిస్తాను.

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ డబ్బా సంగతి, మిగతావి రేపైనా మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాత్రం ఇప్పుడే. దాన్ని తియ్యకు. అమెరికాలో గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, రాయగడలో మీ గోడకి వచ్చేది 230. ఆ మెషీన్‌తో వచ్చిన నల్ల అడాప్టర్ 120 వోల్టుల్ని తీసుకుని 10 వోల్టుల డీసీ చేసి లోపలికి పంపిస్తుంది, దాన్ని తిన్నగా మన ప్లగ్గులో పెట్టావంటే ముందు అడాప్టర్ పోతాది, అదృష్టం బాగోకపోతే దాని వెనకాలే మెషీనూ పోతాది. బావగారిచ్చిన డబ్బా చేసేది 230 ని 110 దగ్గరికి దించడమే, అంటే అదే కాపలాదారు. మా చిన్నప్పుడు పర్లాకిమిడిలో మా మావయ్య ఎవరో తెచ్చిన ఫారిన్ టేప్‌రికార్డర్‌ని ఇలాగే డబ్బా లేకుండా పెట్టేశాడు, పాట మొదలవలేదు గానీ వంటింటి దాకా కాలిన వాసన వచ్చింది, మా అమ్మమ్మ పప్పు మాడిందనుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. కాబట్టి మిక్సీకి ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనుక్కో, అంతే. పొరపాటున మిక్సీని మాత్రం ఆ డబ్బాకి తగిలించకు, దానికి కావలసిన వోల్టులూ రావు, డబ్బా తట్టుకోదు.

ఇప్పుడు నీ జంతువు. దాని పేరు ఫ్లేమెరస్ రెక్స్, ఆ గుహకి బాస్, అంటే చివర్న కాపలా ఉండే పెద్ద శత్రువు. నాలుగు రోజులు ఓడిపోతున్నావంటే నాకు తెలిసి కారణం ఒకటే, నువ్వు ఊరి నుంచి తిన్నగా గుహలోకి వెళ్ళిపోయావు. ఆ ఊరు ఫోరెస్టా చుట్టూ మ్యాప్ మీద బ్యాటిల్‌ఫీల్డ్ అని చోట్లు ఉంటాయి చూడు, ఒక్కోదాంట్లో పది ఫైట్లు ఉంటాయి, పదీ అవగొడితే ఒక బహుమానం ఇస్తారు, ఒకచోట డబ్బులు, ఇంకోచోట అనుభవం పాయింట్లు, కొన్నిచోట్ల వస్తువు. చాలామంది ఇవి అక్కర్లేదు కదా అని దాటేస్తారు, అక్కర్లేదన్నది నిజమే కూడా, కథకి దాంతో పని లేదు, కానీ నీకు పని ఉంది. అవి ముగించేసరికి నీ హీరో బెంజమిన్ రెండు మూడు లెవెళ్ళు పెరుగుతాడు, అప్పుడు అదే జంతువు అంత పెద్దగా కనపడదు.

రెండో సంగతి, గుహలో గోధుమరంగు పెట్టెలు ఉంటాయి, వాటిల్లో క్యూర్ పోషన్లు, అంటే ప్రాణం నింపే మందులు, దొరుకుతాయి. అవి ఒకసారి తీస్తే అయిపోయాయనుకుంటున్నావేమో, బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తే మళ్ళీ నిండి ఉంటాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, సగం గేమ్ అయ్యాక తెలిసింది, అప్పటిదాకా పోషన్లని పిసినారిలా దాచుకుని దాచుకుని చచ్చేవాణ్ణి. నువ్వు దాచుకోకు. సగం ప్రాణం తగ్గగానే బెంజమిన్ చేత పోషన్ వాడించు, ఆ వంతులో నీకు తోడొచ్చిన ట్రిస్టమ్ కొడుతూ ఉంటాడు. ఆ ట్రిస్టమ్ నీకంటే ఎక్కువ లెవెల్‌తో వచ్చాడు, వాడి దెబ్బకి బరువెక్కువ, వాణ్ణి వాడుకో. అన్నట్టు జంతువు బొమ్మని గమనించావా, దెబ్బలు తగిలేకొద్దీ దాని బొమ్మ మారుతుంది, నీరసపడినట్టు అయిపోతుంది. అది మారిందంటే దగ్గర్లో ఉన్నావని లెక్క, అప్పుడు భయపడి పారిపోకు. ఓడిపోయినా ఏమీ పోదు, మళ్ళీ ఆడతావా అని అదే అడుగుతుంది, అదే ఫైట్ మళ్ళీ మొదలవుతుంది. ఆ రోజుల్లో ఈ జాతి గేముల్లో ఓడిపోతే ఎప్పుడో గంట కిందట సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్ళాల్సి వచ్చేది, మీకు ఆ కష్టం లేదు.

సేవ్ అన్నాను కదా, అక్కడ ఒక హెచ్చరిక. ఫైట్‌లో లేనప్పుడు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, బాగుంది, కానీ ఆ సేవ్ ఉండేది కేసెట్ లోపలున్న గుండ్రటి బిళ్ళ బ్యాటరీ దయ మీద, సీఆర్ 2032 అంటారు, చిన్న రిమోట్‌లలో వాడే లాంటిది. ఆ కేసెట్‌కి 30 ఏళ్ళు దాటాయి. నేను ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ కేసెట్ కొని ఒక ఆదివారం పొద్దున్నించి రాత్రిదాకా ఆడాను, అన్నం కూడా టీవీ ముందే, మర్నాడు ఆన్ చేస్తే శుభ్రంగా ఖాళీ, నేనెవరో తెలియనట్టు కొత్త పేరు అడిగింది. అమ్మినవాణ్ణి అడిగితే "గేమ్ నడుస్తోంది కదా సార్, ఇంకేం కావాలి" అన్నాడు. నీది నాలుగు రోజులై ఉంటోంది అంటే బ్యాటరీ ఇంకా ఉన్నట్టే, కానీ ఒకరోజు పోవచ్చు, అప్పుడు కంగారు పడి నువ్వే విప్పేయకు, ఆ బిళ్ళ మామూలుగా తీసి పెట్టేది కాదు, రేకు ముక్కలతో అతికించి ఉంటుంది, సోల్డరింగ్ తెలిసిన మొబైల్ రిపేరు కుర్రాడెవరైనా మార్చేస్తాడు. మార్చినప్పుడు ఉన్న సేవ్ ఎలాగూ పోతుంది, అది ముందే మనసులో పెట్టుకుని వెళ్ళు.

ఇంక సిగ్గు విషయం. నీకు ఎవరు చెప్పారో గానీ వాళ్ళు చెప్పింది సగం నిజం. ఇది ఎంచి మరీ కొత్తవాళ్ళ కోసం చేసిందే. స్క్వేర్ అనే జపాన్ కంపెనీ 1987 లో మొదటి ఫైనల్ ఫాంటసీ తీసింది, జపాన్‌లో అలాంటి రోల్ ప్లేయింగ్ గేములకి, అంటే కథలో పాత్రగా మారి ఆడేవాటికి, అప్పటికే డ్రాగన్ క్వెస్ట్ అనే గేమ్ దారి వేసి పెట్టింది, అది 1986 లో వచ్చింది. అమెరికాలో మాత్రం కథ వేరు, అక్కడి పిల్లలకి తుపాకీ, గెంతుడు, కారు రేసు అలవాటు, ఇలా మెనూలు తీసి ఆలోచించి ఆడే గేముల్ని కొనేవాళ్ళు తక్కువ. అందుకని 1992 లో ముందు అమెరికా మార్కెట్ కోసమే, తక్కువ ధరకి, 39.99 డాలర్లకి, మొదటి మెట్టులాగా దీన్ని వదిలారు. ఇందులో ఉన్న తమాషా ఏమిటంటే మర్సటేడు 1993 లో దీన్ని జపాన్‌లో కూడా అమ్మారు, అక్కడ పేరు ఫైనల్ ఫాంటసీ యూఎస్ఏ అని పెట్టారు, అమెరికా వాళ్ళ కోసం వండింది ఇదిగో మీరూ రుచి చూడండి అన్నట్టు.

వెక్కిరించేవాళ్ళు ఎవరంటే అప్పటికే ఆ మెట్లన్నీ ఎక్కి పైన కూర్చున్నవాళ్ళు. వాళ్ళకి పెద్ద కథ కావాలి, నలుగురైదుగురు మనుషుల గుంపు కావాలి, కత్తి మార్చడం కవచం మార్చడం లెక్కలు కావాలి. ఇందులో ఇద్దరే ఉంటారు, మంచి కవచం దొరకగానే అదే ఒంటి మీదకి వచ్చేస్తుంది, మ్యాప్ మీద ఎటుపడితే అటు తిరగడం లేదు, బాణం గుర్తులు చూపించిన దారిలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్ళడమే, మన గుణుపురం ప్యాసింజర్ లాగ, పట్టాలు ఎటు ఉంటే అటే, కానీ స్టేషన్ తప్పిపోయే భయం లేదు. శత్రువులు ముందే కనపడి కదలకుండా నిలబడి ఉంటారు, నువ్వు వెళ్ళి తగిలితేనే ఫైట్. మిగతా పాత గేముల్లో నాలుగడుగులు వేస్తే చాలు కనపడని దయ్యమేదో వచ్చి మీద పడుతుంది. పెద్దవాళ్ళకి ఇవన్నీ లోటుగా కనిపిస్తాయి, మధ్యాహ్నం కుక్కర్ మూడో విజిల్‌కి లేవాల్సిన మనిషికి మాత్రం ఇవే వరాలు. నేను దీన్ని బరంపురంలో ఒక నెట్ సెంటర్ కంప్యూటర్ మీద గంటకింతని కట్టి ఆడాను, వెనకాల నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు "అన్నా ఇది పిల్లలది" అని నవ్వితే స్క్రీన్ చిన్నది చేసేసి ఏదో రెజ్యూమె టైప్ చేస్తున్నట్టు నటించాను. ఆ రోజు పోగొట్టుకున్న 20 నిమిషాల డబ్బులు ఇప్పటికీ గుర్తే. ఆ సిగ్గు నాకు దేనికీ పనికి రాలేదు. అ ఆ లు దిద్దేవాణ్ణి చూసి ప్రబంధం చదవలేదని ఎవడైనా నవ్వుతాడా?

ఒక్కటి మాత్రం వెక్కిరించేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు, దాని సంగీతం. ర్యూజీ ససాయ్, యాసుహిరో కవాకామి అని ఇద్దరు చేశారు. ఫైట్‌లో వచ్చే గిటార్ లాంటి మోత విన్నావు కదా, బాస్ దగ్గర నాలుగు రోజులు కూర్చున్నావు కాబట్టి నాకంటే నీకే బాగా తెలిసుంటాది.

మీవాడి సంగతికి వద్దాం. (బాబూ, ఇక్కడి నుంచి అమ్మ చదువుతుంటే శ్రద్ధగా విను.) "ఒకడు కొట్టేదాకా ఇంకొకడు నిలబడి చూస్తాడు" అన్నావట, భలే పట్టుకున్నావు, కానీ పులి-మేక ఆడినప్పుడు ఏం చేస్తావు? పులి కదిలేదాకా మేక కదలదు కదా, అప్పుడు బోరు కొట్టదే? నీ వంతు వచ్చేలోపు బుర్రలో పని జరుగుతుంటాది, వాడు అటు వస్తే నేను ఇటు వెళ్తా అని. ఇదీ అదే. వేలు స్పీడు కాదు, ముందుచూపు ఆట. ఫోన్‌లో నువ్వాడే గేములో ఎవడు ముందు నొక్కితే వాడు గెలుస్తాడు, ఇక్కడ ఎంతసేపు ఆలోచించినా జంతువు నీ కోసం ఆగుతుంది, మర్యాద గల జంతువు. ఈ గేమ్‌లో గొడ్డలి ఉంటుంది, దాంతో ఒక్క జంతువుని గట్టిగా కొట్టొచ్చు, బాంబు ఉంటుంది, దాంతో అందరినీ ఒకేసారి కొట్టొచ్చు, ముగ్గురు నిలబడి ఉంటే ఏది తీస్తావు? అదే గొడ్డలితో బయట చెట్టు నరికి దారి చేసుకోవచ్చు, బాంబుతో అడ్డాన్ని పేల్చొచ్చు, తర్వాత క్లా అని పంజా ఒకటి దొరుకుతుంది, దాంతో గోడెక్కొచ్చు. ఫైట్‌లో ఆయుధం, బయట పనిముట్టు. మన ఇంట్లో కత్తిపీట లాగే, కూరా తరుగుతుంది, కొబ్బరీ చెక్కుతుంది.

చెల్లెమ్మా, ఒక మాట నీకు. ఆ గేమ్‌లో మెనూలోకి వెళ్ళి పక్కనున్న మనిషిని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చొచ్చు. మార్చాక బెంజమిన్‌కి ఏం చెయ్యాలో నువ్వు నొక్కు, ట్రిస్టమ్ వంతు రాగానే ప్యాడ్ మీవాడి చేతికివ్వు. ఇద్దరాడే గేమ్ కాదిది, ప్యాడ్ ఒక్కటే, అయినా చేతులు మారితే ఇద్దరి ఆట అయిపోతుంది. అసలు చిట్కా ఇంకోటుంది, వాణ్ణి పిలవకు. నువ్వాడుతూ కావాలనే ఒక తప్పు చెయ్యి, ప్రాణం పావు వంతు ఉన్నప్పుడు పోషన్ వాడకుండా కొట్టు, వాడు ఫోన్‌లోంచి తలెత్తి "అమ్మా అదేటి, ముందు తాగు" అంటాడు. అక్కడే ప్యాడ్ చేతిలో పెట్టు. మా మేనకోడలి దగ్గర ఇది పనిచేసింది, ఆమె ఇప్పటికీ నేను నిజంగా తెలివితక్కువవాణ్ణనే అనుకుంటోంది, పోనీ. (ఈ పేరా చదివి వినిపించావా? అయ్యో, వినిపించేసి ఉంటే ఇంకోటి ఆలోచిద్దాం.)

ఇంగ్లీషు భయం ఉందేమో, నువ్వు రాయలేదు గానీ నేను ఊహించాను. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ, గేమ్‌లో ఇంగ్లీషు, మన సరిహద్దు పిల్లల బుర్రలో నాలుగు గదులుంటాయి, దేని తాళం ఎక్కడ పెట్టారో ఒక్కోసారి వాళ్ళకే తెలీదు. ఈ గేమ్‌లో మాటలు తక్కువ, వాక్యాలు పొట్టివి, అది కూడా కొత్తవాళ్ళ కోసం చేసిన మంచే. నేను చిన్నప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకునేవాణ్ణి, గేమ్‌లో వచ్చిన ఇంగ్లీషు మాట ఒడియా లిపిలో రాసి, పక్కన తెలుగు అర్థం కూడా ఒడియా లిపిలోనే, ఎందుకంటే నాకూ అప్పటికి తెలుగు రాయడం రాదు. 'పాయిజన్' పక్కన 'ఇసం' అని ఉండేది, మా ఇంట్లో విషాన్ని అలాగే అనేవాళ్ళం మరి. వెనక పేజీల్లో గుహల మ్యాపులు, వెళ్ళిన దారి నీలం, వెళ్ళనిది పెన్సిల్. మీవాడికి బొమ్మలేసే సరదా ఉంటే ఆ పని వాడికి అప్పగించు, ముందు ముందు వచ్చే ఐస్ పిరమిడ్‌లో అంతస్తులూ మెట్లూ తికమకగా ఉంటాయి, అక్కడ నీకు నిజంగానే ఆ మ్యాప్ కావాలి.

వేరే కేసెట్ ఇప్పుడు కొనొద్దు. ఇది ముగించు ముందు, మరీ పెద్దదేం కాదు. తర్వాత కొనాలనిపిస్తే క్రోనో ట్రిగర్ అని అడుగు, 1995 ది, అందులో కూడా శత్రువులు చాలావరకు ముందే కనపడతారు, కాబట్టి మీకు కొత్త అనిపించదు, కానీ కథ, మనుషులు, అన్నీ ఇంకో మెట్టు పైన. ధర చూసి కళ్ళు తిరుగుతాయేమో, పాత కేసెట్లకి ఇప్పుడు ఫారిన్‌లో పిచ్చి రేట్లు. బావగారిని మళ్ళీ వచ్చేటప్పుడు చూడమను, అమెరికా కేసెట్టే కావాలని గట్టిగా చెప్పు, జపాన్‌ది ఆకారమూ వేరు, అక్షరాలూ జపాన్‌వే. యూరప్‌ది అమెరికా మెషీన్‌లో ఆడదు. అన్నట్టు యూరప్‌లో మిస్టిక్ క్వెస్ట్ అని ఒట్టి పేరుతో ఉన్నది గేమ్ బాయ్‌కి వచ్చిన వేరే ఆట, నువ్వాడేదాన్ని అక్కడ మిస్టిక్ క్వెస్ట్ లెజెండ్ అన్నారు, చవగ్గా దొరికింది కదా అని ఎవరైనా తప్పుది తెచ్చేస్తారు జాగ్రత్త.

అత్తగారికి ఏం చెప్పాలో నాకు తెలీదు, నిజంగా. నా దగ్గరున్నది ఒక్కటే ఉపాయం, ఆవిడకి గేమ్ గురించి చెప్పకు, కథ చెప్పు. ముందుకెళ్తే ఆక్వేరియా అనే ఊరు మంచుతో గడ్డకట్టి ఉంటుంది, అక్కడ ఫీబీ అనే పిల్ల తన తాతని మంచు కిందనించి బయటికి తీసుకురావాలని తాపత్రయపడుతుంటుంది. ఆ తర్వాత ఫైర్‌బర్గ్‌లో రూబెన్ తండ్రి గనిలో ఇరుక్కుపోతాడు. విండియాలో ఒకాయన కూతురు దూరంగా టవర్‌లో చిక్కుకుంటే ఆయన ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటాడు. నీకు ఫోరెస్టాలో కనిపించిన కేలీ తండ్రి కూడా ఓడలో ఎక్కడో ఆగిపోయి ఉంటాడు. నాలుగు క్రిస్టల్స్ కథ అని పైకి చెప్తారు గానీ దారంతా ఇంటికి రాని మనుషుల కోసం ఎదురు చూసేవాళ్ళే. సీరియల్ చూసే మనిషైతే రెండో రోజు ఆవిడే అడుగుతుంది, "ఆ పిల్ల తాత బయటికొచ్చాడేటి?" అని. మా అమ్మమ్మ అలాగే అడిగేది, బ్యాటిల్‌ఫీల్డ్‌లో నేను పది ఫైట్లు చేస్తుంటే మాత్రం "ఇక చాల్లే ఈ కొట్లాట, ఊళ్ళోకి పద" అని విసుక్కునేది.

ఇంక ఈ ఆఖరి పేరా నువ్వొక్కదానివే చదువుకో, గట్టిగా చదవకు. చివర్న డార్క్ కింగ్ అని ఒకడు ఉంటాడు, అందరికంటే పెద్దవాడు, నాలుగు సార్లు రూపం మారుస్తాడు, అక్కడ మీ ఇద్దరి పోషన్లూ అయిపోతాయి, మీవాడు ఏడుపు మొహం పెడతాడు. అప్పుడు నువ్వు మెల్లగా ప్యాడ్ తీసుకుని క్యూర్ మంత్రం తీసి, మీ మీద కాకుండా ఆ డార్క్ కింగ్ మీద వెయ్యి. వాడికి ఆరోగ్యం పెరగాలి కదా న్యాయంగా, కానీ గేమ్ రాసినవాళ్ళ లెక్కలో ఎక్కడో పొరపాటు దొర్లింది, పెరగాల్సింది పోయి వేలల్లో దెబ్బ తగులుతుంది, రెండు మూడు సార్లేస్తే కూలిపోతాడు. వాడు "అమ్మా, మందేసి చంపేశావేటి?" అని అడిగితే ఏం చెప్తావో అది మాత్రం నాకు తప్పకుండా రాయి.